పట్టభద్ర విద్యార్థులు - సంఘపు ఎన్నికలు

నాంపల్లి స్టేషను నుంచి ఆబిడ్స్ వైపు వచ్చే దారిలో సరోజినీ నాయుడు గారి ఇల్లు ఉన్నది. 1905లో లండనులో వెలువడిన ఆమె కవితా సంపుటి పేరే ఆ ఇంటికీ నిలిచినది: గోల్డెన్ థ్రెషోల్డ్. నిత్యం ఆ ఇంటి ముందు నుంచి పోయేవారిలో చాలమందికి ఒక విషయం తెలియదు. ఈనాడు గచ్చిబౌలిలో విశాలమైన ఆవరణలో నెలకొని ఉన్న హైదరాబాదు విశ్వవిద్యాలయం 1974లో ఆరంభమైనది ఈ ఇంటిలోనే. బి.ఏ., బి.ఎస్సీ. వంటి పట్టాలు అప్పటికే పుచ్చుకొని, ఆపై చదువులకూ పరిశోధనకూ వచ్చేవారి కోసం ప్రధానంగా ఆ విద్యాలయాన్ని ఉద్దేశించినారు. తర్వాత ఇంటరు ముగించినవారికి కూడ అయిదేళ్ళ కోర్సులు పెట్టినా, ఇప్పటికీ అక్కడ పట్టభద్రులదే పెద్ద సంఖ్య. వారు తమ సంఘానికి తమలోనుంచి అధ్యక్షుణ్ణి, ఉపాధ్యక్షుణ్ణి, ప్రధాన కార్యదర్శిని, తక్కిన కార్యవర్గాన్ని రహస్య ఓటుతో ఎన్నుకుంటారు.

ఆ ఇంటి నుంచి మొజంజాహీ మార్కెట్టు దాటి, ఉస్మాన్‌గంజ్ మీదుగా నడిచి పోతే బేగం బజారు వస్తుంది. నిజాం అలీఖాన్ భార్య హమ్దా బేగం వర్తకులకు ఇచ్చిన నేల గనుక దానికా పేరు వచ్చినదని చెప్పుకుంటారు. అక్కడ ఇత్తడి, స్టీలు సామాను టోకుగా అమ్మే ఒక దుకాణదారు ఉన్నాడనుకుందాం. అతని కుమార్తె ఎం.ఏ. ముగించి గచ్చిబౌలిలో పరిశోధక విద్యార్థిని అయినది. ఒక ఆదివారం ఇంటికి వచ్చి, ఈసారి విద్యార్థి సంఘానికి ప్రధాన కార్యదర్శిగా పోటీ చేయదలచినానని చెప్పినది. తండ్రి చేతిలోని లెక్కల పుస్తకం మూసి అడిగే మొదటి ప్రశ్న ఏమై ఉంటుంది?

"బిడ్డా, నువ్వు చదువుకోను పోయినవా, కొట్లాటకు పోయినవా?"

ఈ ప్రశ్న ఒక్క బేగం బజారుది కాదు. కాలేజీ దాటి పై చదువులలో ఉన్న పిల్లలున్న ఏ ఇంటిలోనైనా ఇదే వినబడుతుంది. అందుకని ఆ తండ్రికి సమాధానం చెప్పే పని మనం పెట్టుకుందాం. పోటీ అంటే ఏమిటి, దానికి నియమాలేమిటి, డబ్బెంత, ప్రమాదమెంత, గెలిస్తే చేయగలిగినదేమిటి?

ముందుగా ఒప్పుకోవలసినది, ఆ తండ్రి భయం ఉత్తది కాదు. 1972 ఏప్రిల్ 14న ఉస్మానియా విశ్వవిద్యాలయంలో జార్జి రెడ్డి అనే భౌతికశాస్త్ర పరిశోధక విద్యార్థిని, బంగారు పతకం పొందిన ప్రతిభాశాలిని, ఆవరణలోనే పొడిచి చంపినారు. ఆ తర్వాతి సంవత్సరాలలో విద్యార్థి ఎన్నికలు వచ్చినవంటే జెండా కర్రలు, లారీలు, తలలు పగలడం అన్న భావన జనంలో నాటుకున్నది. 1980ల చివరకు వచ్చేసరికి రాష్ట్ర ప్రభుత్వం తన విశ్వవిద్యాలయాలలోను, కళాశాలలలోను ఎన్నికలనే నిలిపివేసినది. వాటిని పునరుద్ధరించవలెనని విద్యార్థులు పలుమార్లు అడిగినారు, అడుగుతూనే ఉన్నారు. కేంద్ర ప్రభుత్వం కిందిది గనుక హైదరాబాదు విశ్వవిద్యాలయంలో ఆ తంతు ఆగలేదు. ఫలితమేమంటే, ఒకే నగరంలో ఒక విశ్వవిద్యాలయపు పరిశోధకుడు తన ప్రతినిధిని ఓటుతో ఎన్నుకుంటాడు. బస్సులో ఒక గంట ప్రయాణం దూరంలో ఉన్న మరొక విశ్వవిద్యాలయపు పరిశోధకుడికి శాసనసభకు ఓటున్నది గాని, తన హాస్టలు మాట చెప్పే ప్రతినిధికి ఓటు లేదు. కొట్లాటలు ఆగవలసినవే. అయితే రోగాన్నీ రోగినీ కలిపి బయటకు పంపిన వైద్యం ఇది అని నాకు తోస్తుంది.

అసలు పట్టభద్రులకు సంఘమెందుకు? ఇరవై రెండేళ్ళు దాటినవారు, కొందరు పెళ్ళయినవారు, వారి గొడవలు వారు చూసుకోలేరా? చూసుకోలేని చిక్కులు కొన్ని ఉన్నవి. ఒకటి జీతం వంటి ఫెలోషిప్పు. జాతీయ అర్హత పరీక్షలో నెగ్గి జూనియర్ రీసెర్చి ఫెలోషిప్పు పొందినవారికి 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు నిర్ణయించినారు. ఆ పరీక్షతో నిమిత్తం లేక కేంద్ర విశ్వవిద్యాలయాలలో పిహెచ్.డి.కి చేరినవారికి చాల ఏళ్ళుగా లభిస్తూ వచ్చినది 8,000 రూపాయలు. ఒకే ప్రయోగశాలలో, ఒకే బల్ల దగ్గర ఇద్దరు ఒకే పని చేస్తారు. ఒకరి చేతికి వచ్చేది మరొకరికి వచ్చేదానిలో నాలుగో వంతు కూడ కాదు. 2015 అక్టోబరులో ఆ చిన్న మొత్తాన్నీ ఆపివేయాలని విశ్వవిద్యాలయ గ్రాంట్సు సంఘం నిశ్చయించినప్పుడు, ఢిల్లీలో దాని కార్యాలయం ముందు విద్యార్థులు రాత్రింబవళ్ళు కూర్చున్నారు. ప్రభుత్వం వెనుకకు తగ్గి కమిటీని వేసినది. ఒక్కొక్కరు విడివిడిగా అర్జీ పెట్టుకొని ఉంటే ఆ అర్జీలు ఏ బీరువాలో ఉండేవో చెప్పనక్కరలేదు.

రెండవది ఇంకా సున్నితమైన చిక్కు. పరిశోధకుడి భవిష్యత్తు చాల వరకు ఒక్క ఆచార్యుని సంతకం మీద ఆధారపడి ఉంటుంది. నెలనెలా ఫెలోషిప్పు కాగితం, అభివృద్ధి నివేదిక, చివరకు సిద్ధాంత వ్యాసం అన్నీ ఆయన ముందు నుంచే పోవాలి. ఆయన మంచివాడైతే అదృష్టం. కాకపోతే విద్యార్థి ఎవరితో చెప్పుకోవాలి? ఎన్నికైన ప్రతినిధి ఉన్నచోట ఆ మాటను తన నోట కాక సంఘం నోట పలికించవచ్చును.

విద్యార్థులు తమ పెద్దలను తామే ఎన్నుకోవడం కొత్త వింత ఏమీ కాదు. 13వ శతాబ్దంలో ఇటలీలోని బొలోనియాలో న్యాయశాస్త్ర విద్యార్థులు తమ రెక్టరును తమలోనుంచి ఎన్నుకొని, పాఠానికి ఆలస్యంగా వచ్చిన ఆచార్యులకు జరిమానాలు కూడ వేసినారు. అంత దూరం పోవలసిన పని మనకు లేదనుకోండి. బేగం బజారు పక్కనే ఒక ఉదాహరణ ఉన్నది. ఉస్మానియాలో చదువు ముగించిన పట్టభద్రులు ఒక సంఘంగా ఏర్పడి, హైదరాబాదు రాజ్యపు ఆర్థిక స్థితిగతులను సర్వే చేయదలచినారు. దానికి డబ్బు కావలసి వచ్చినది. డబ్బు కోసం 1938లో పబ్లిక్ గార్డెన్సులో స్వదేశీ వస్తువుల ప్రదర్శన పెట్టినారు. అదే నుమాయిష్. 1946లో నాంపల్లి మైదానానికి మారి, పెరిగి, ఈనాడు ఏటేటా జనవరిలో నగరమంతటినీ అటు లాగుతున్నది. ఆ రాబడి మీద కళాశాలలు నడుస్తున్నవి. వారు విద్యార్థులు కారు, చదువు ముగించినవారు. అయినా సంఘమన్న తర్వాత ఒక పని ఉండాలి, ఆ పనికి లెక్క ఉండాలి అన్నది వారి వద్ద చూడవచ్చును. బేగం బజారు తండ్రికి ఈ ఉదాహరణ బాగా అర్థమవుతుంది. నుమాయిష్‌లో అతనికీ ఒక స్టాలు ఉండి ఉంటుంది.

ఇక నియమాలు. దేశమంతటా విద్యార్థి ఎన్నికలలో డబ్బు, దౌర్జన్యం పెచ్చు పెరిగిన దశలో, కేరళ విశ్వవిద్యాలయానికి సంబంధించిన ఒక వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2005 డిసెంబరులో ఆదేశించగా, కేంద్ర ప్రభుత్వం పూర్వపు ప్రధాన ఎన్నికల కమిషనరు జె.ఎం. లింగ్డో గారి అధ్యక్షతను ఒక కమిటీని నియమించినది. 2006 మేలో నివేదిక వచ్చినది. అదే సంవత్సరం సెప్టెంబరు 22న ఆ సిఫారసులను అమలు జరుపవలసినదని కోర్టు ఉత్తర్వు చేసినది. నామినేషను మొదలు ఫలితం వరకు మొత్తం తతంగం 10 రోజులలో ముగియాలి. విద్యా సంవత్సరం మొదలైన ఆరు నుంచి ఎనిమిది వారాలలో ఎన్నిక జరగాలి. అభ్యర్థి పూర్తికాలపు విద్యార్థి అయి ఉండాలి. ఆ ఏడు తప్పిన పరీక్షలు ఉండరాదు. కార్యవర్గ పదవికి జీవితంలో ఒక్కసారే పోటీ చేయవచ్చును. అచ్చు వేసిన పోస్టర్లు, కరపత్రాలు పనికిరావు. చేతితో వ్రాసినవి, అవీ కేటాయించిన చోట్లనే అంటించాలి. లౌడుస్పీకర్లు, వాహనాలు, జంతువులు ప్రచారానికి వాడరాదు. జంతువుల సంగతి ఎందుకు వ్రాయవలసి వచ్చినదా అని నవ్వు వస్తుంది గాని, ఎక్కడో ఏనుగో గుర్రమో ఊరేగి ఉండకపోతే కమిటీవారికి ఆ ఊహ రాదు గదా.

ఖర్చు 5,000 రూపాయలు మించరాదు. రాజకీయ పార్టీల నుంచి సొమ్ము తీసుకోరాదు. తోటి విద్యార్థులు స్వచ్ఛందంగా ఇచ్చినదే తీసుకోవాలి. ఫలితం వెలువడిన రెండు వారాలలో లెక్క అప్పగించాలి. ఇక్కడ మన దుకాణదారుకు చిక్కు వస్తుంది. భయం తీరిన తర్వాత అతనికి అభిమానం పుట్టినది. పేరు చెక్కించి తలకొక స్టీలు డబ్బా పంచుదామంటాడు, టోకు ధరకే గదా అంటాడు. ఓటర్లు ఐదు వేల పరిసరాలలో ఉన్న చోట డబ్బా మూల్యం సున్నాలతో వ్రాసి చూస్తే ఆ మాట అక్కడే ఆగిపోతుంది. మూల్యం మాట అటుంచి, బహుమానం పంచడం అవినీతికర చర్య. ఎన్నికే రద్దు కావచ్చును. అతడు చేయగల సహాయం ఒక్కటే: బజారులో అట్టలు, రంగులు, కుంచెలు, పురికొస చవకగా ఎక్కడ దొరికేదీ చెప్పడం, ప్రతి దానికీ రసీదు ఇప్పించడం.

నామినేషను వేయడానికి ముందు చేయవలసిన పని ఒకటున్నది. అభ్యర్థిని తన పరిశోధన పర్యవేక్షిస్తున్న ఆచార్యునితో తానే స్వయంగా చెప్పాలి. అనుమతి అడగనక్కరలేదు, తెలియజేస్తే చాలు. ఆయన గోడ మీది పోస్టరులో చూసి తెలుసుకోవడం ఇద్దరికీ మంచిది కాదు. పదవీకాలం ఒక ఏడాది. ఆ ఏడాదిలో ఏ అధ్యాయం ఎప్పుడు ఇస్తానో కాగితం మీద వ్రాసి ఆయనకు ఇస్తే సగం అనుమానం తీరుతుంది.

తర్వాత ప్రచారం. అచ్చూ లేదు, మైకూ లేదు, మిగిలినది కాళ్ళు. హాస్టలు గదులు, ప్రయోగశాలలు, గ్రంథాలయం మెట్లు, టీ దుకాణాలు. ఐదు వేల మందిలో సగం మందినైనా పది రోజులలో ముఖాముఖిగా చూడాలంటే రోజుకు 250 మంది. ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. అందుకే ప్యానెళ్ళు ఏర్పడతాయి. స్టూడెంట్స్ ఫెడరేషను, విద్యార్థి పరిషత్తు, ఆ ఆవరణలోనే పుట్టిన అంబేద్కర్ స్టూడెంట్స్ అసోసియేషను మొదలైనవాటి పేర్లు అక్కడ వినవస్తాయి. పార్టీలకు విద్యార్థి ఎన్నికలకు సంబంధం ఉండరాదని కమిటీ కోరినా, నీడ పూర్తిగా తొలగినదని చెప్పలేము. ఏ ప్యానెలులో చేరాలి, చేరకుండా స్వతంత్రంగా నిలవాలా అన్నది అభ్యర్థిని ఆలోచించుకోవలసినదే. స్వతంత్ర అభ్యర్థికి మాట స్వేచ్ఛ ఎక్కువ. పోలింగు బల్ల దగ్గర కూర్చునే ఏజెంట్లు తక్కువ.

అక్కడి ఓటర్లు ఒక్క భాషవారు కారు. మలయాళం, ఒరియా, బెంగాలీ, హిందీ, ఉర్దూ, తెలుగు మాట్లాడేవారు పక్కపక్క గదులలో ఉంటారు. బేగం బజారులో పెరిగిన పిల్లకు ఇది చిన్ననాటి విద్య. మార్వాడీ సేటుతో హిందీలో, హమాలీతో తెలుగులో, పక్క దుకాణం మియాగారితో దక్కనీ ఉర్దూలో మాట్లాడినది గదా.

ఓటరు గది తలుపు తెరిచిన తర్వాత ఏమి చెప్పాలి? ఇక్కడే చాలమంది తప్పటడుగు వేస్తారు. ఫెలోషిప్పు పెంచుతామని సంఘం వాగ్దానం చేయజాలదు. అది ఢిల్లీ చేతిలో ఉన్నది. కాని ఆ ఫెలోషిప్పు కాగితం విశ్వవిద్యాలయపు కార్యాలయంలో ఏ బల్ల మీద ఎన్ని రోజులు నిలుస్తున్నదో కనిపెట్టి, దానికి గడువు పెట్టించవచ్చును. హాస్టలు భోజనం బిల్లు ఎట్లా వేసినారో లెక్క చూపమనవచ్చును. పరీక్షల రోజులలో గ్రంథాలయం మరి రెండు గంటలు తెరిపించవచ్చును. రాత్రి ప్రయోగశాల నుంచి హాస్టలుకు పోయే ఆడపిల్లల దారిలో దీపాలు పెట్టించవచ్చును. తాను చేయగలది, అడగగలది, కేవలం అరవగలది అని మూడింటినీ వేరుచేసి చెప్పిన అభ్యర్థికి చప్పట్లు తక్కువ పడవచ్చును గాని, మరుసటి ఏడు ఆమె ముఖం తప్పించుకొని తిరగవలసిన అవసరం రాదు. ఎదురు ప్రశ్నలు తప్పవు. మీ ఆచార్యునికి వ్యతిరేకంగా మా ఫిర్యాదు వస్తే ఏం చేస్తావని ఎవరైనా అడుగుతారు. దానికి జవాబు ఇంటి వద్దనే సిద్ధం చేసుకొని రావాలి.

ఓటింగు విధానం సులభమే: ఎక్కువ ఓట్లు వచ్చినవారు గెలిచినట్లు. అయితే పట్టభద్రులకు సులభమైన దానిని కూడ కష్టం చేసుకొనే శక్తి ఉన్నది. శాసనమండలికి పట్టభద్రుల నియోజకవర్గాలు ఉన్నవని పాఠకులకు తెలుసును. పట్టా పుచ్చుకొని మూడేళ్ళు దాటినవారు అక్కడ ఓటర్లు. అభ్యర్థుల పేర్ల ఎదుట 1, 2, 3 అని ప్రాధాన్యత అంకెలు వేయాలి. 2021 మార్చిలో మహబూబ్‌నగర్-రంగారెడ్డి-హైదరాబాదు స్థానానికి 93 మంది పోటీ చేసినారు. బాలెట్ కాగితం దినపత్రికను మించినది. మొదటి ప్రాధాన్యత ఓట్లతో తేలక, కిందివారిని ఒక్కొక్కరినే తొలగిస్తూ రోజుల తరబడి లెక్కించగా పి.వి. నరసింహారావు గారి కుమార్తె సురభి వాణీదేవి గెలిచినట్లు తేలినది. చెల్లని ఓట్లు ఇరవై వేలకు పైచిలుకు! బి.ఏ.లు, ఎం.ఏ.లు చదివినవారు అంకె వేయవలసిన చోట టిక్కు పెట్టినారు, సంతకాలు చేసినారు. అందుచేత మన అభ్యర్థిని తన ప్రచారంలో చివరి రోజును బాలెట్ మీద గుర్తు ఎట్లా వేయాలో చూపడానికి కేటాయిస్తే ఆ రోజు వృథా పోదు.

ఈ నియమాలన్నీ మంచివేనా? ఖర్చు మీద, అచ్చు మీద పెట్టిన హద్దు మంచిది. పేద ఇంటి పిల్లకూ పెద్ద ఇంటి పిల్లకూ ఒకే అట్ట, ఒకే కుంచె మిగిల్చినది. కాని వయోపరిమితి సంగతి వేరు. పరిశోధక విద్యార్థులకు 28 ఏళ్ళు దాటరాదన్నారు. తండ్రికి జబ్బు చేసి మన అమ్మాయి మూడేళ్ళు దుకాణంలో కూర్చున్నదనుకోండి. పెళ్ళయి, బిడ్డను పెంచి తిరిగి చదువుకు వచ్చినదనుకోండి. పిహెచ్.డి.లో చేరడానికి ఆమె తగును, ఓటు వేయడానికి తగును, పోటీకి మాత్రం తగదు. చదువుకు ఆలస్యంగా వచ్చేవారు ఎక్కువగా ఎవరింటి పిల్లలో ఆలోచిస్తే ఈ అంకె ఎవరి మీద పడుతున్నదో తెలుస్తుంది. ఢిల్లీ జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో ఈ నియమాల పేచీతో 2008లో ఎన్నికలు ఆగిపోయి, 2012 మార్చిలో గాని మళ్ళీ జరగలేదు. అప్పుడు వారి విషయంలో దీనిని 30కి సడలించినారు.

మరొక నియమం ఇంకా కఠినం. విశ్వవిద్యాలయం క్రమశిక్షణ చర్య తీసుకున్న విద్యార్థి పోటీకి అనర్హుడు. దొమ్మీ చేసినవాణ్ణి ఆపడానికి పెట్టినదే గాని, ఫెలోషిప్పు రాలేదని కార్యాలయం ముందు కూర్చొని శిక్ష పొందినవానికి కూడ ఇదే వర్తిస్తుంది. ఎవరి మీద ఫిర్యాదు చేయాలో వారి చేతికే అభ్యర్థులను ఏరివేసే జల్లెడ ఇచ్చినట్లయినది. ఇది మార్చవలసిన నియమమని నా అభిప్రాయం.

ఫలితం వచ్చే రాత్రి ఆవరణలో డప్పులు మోగుతాయి. ఓడినవారి గదులలో దీపాలు త్వరగా ఆర్పుతారు. కార్యవర్గ పదవికి ఒక్కసారే పోటీ అన్న నియమం వల్ల ఓడినవారికి మరుసటి ఏడు ఆ అవకాశం లేదు. అయినా ఆ పది రోజులలో తలుపు తెరిచిన గదులన్నీ వారికి తెలిసినవే, అక్కడ విన్న ఫిర్యాదులు వారి నోటుబుక్కులో ఉన్నవే. గెలిచినవారికి ఆ కాగితాలు అప్పగించిన ఓడిన అభ్యర్థులు కొందరుంటారు.

గెలిచినా ఓడినా రెండు వారాలలో లెక్క మాత్రం ఇవ్వాలి. మన అమ్మాయి ఆదివారం బేగం బజారుకు వచ్చి, రసీదులన్నీ తండ్రి ముందు పరిచినదనుకుందాం. అట్టలు, రంగులు, పురికొస, కార్యకర్తలకు చాయ. తండ్రి కళ్ళజోడు పెట్టుకొని రెండుసార్లు కూడినాడు. చాయ దుకాణం వాడు 40 రూపాయలు తక్కువ వేసుకున్నాడని పట్టుకున్నాడు.

"ఇది పోయి ఇచ్చి రా బిడ్డా, లెక్కల తక్కువ ఉండొద్దు" అన్నాడు.